చుట్టుబాటలో కంచు ముంత

కుందవరం రాజ్యానికి ఒక వింత కష్టం వచ్చింది. బయటికి పోయే దారులన్నీ ఎప్పటిలాగే ఉన్నాయి. తిరిగి వచ్చే దారులే మాయమయ్యాయి. పొలిమేర రాయి దాటి వెళ్ళిన మనిషి మళ్ళీ ఆ రాయి దగ్గర కనిపించడం లేదు. సంతకు పోయినవాళ్ళు రాలేదు. పెళ్ళిచూపులకు పోయిన పెళ్ళికొడుకు రాలేదు. వాళ్ళను వెతకడానికి పోయిన గుర్రపు రౌతులూ రాలేదు. చివరికి రాజు జయశీలుడు ఒక సిపాయి నడుముకు మోకు కట్టించి, రెండో కొస పదిమంది చేత పట్టించి, పొలిమేర దాటించాడు. కాసేపటికి మోకు లాగి చూస్తే వేసిన ముడి వేసినట్టే ఉంది. అందులో మనిషి లేడు.

ఆ రోజు నుంచి జనం పనులు మానేసి పొలిమేర రాయి దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు. కూర్చున్నవాళ్ళకు అన్నం సయించదు, లేచి పోదామంటే కాలు రాదు. వాళ్ళను చూసి రాజు మనసు కరిగిపోయింది. మంత్రి భద్రపాలుడు ఒక సలహా చెప్పాడు.

"మహారాజా, పోయారని తెలిస్తే మనిషి ఏడ్చి తేరుకుంటాడు. వస్తారేమో అనుకుంటే ఎన్నాళ్ళయినా తేరుకోడు. మహాలయ అమావాస్య నాడు తప్పిపోయిన వారందరికీ ఇంటివాళ్ళ చేత నువ్వులు నీళ్ళు వదిలించండి. ఆ దుఃఖం అంతటితో తీరుతుంది."

రాజు ఒప్పుకున్నాడు. అమావాస్య మధ్యాహ్నం అందరూ ఏటి ఒడ్డుకు రావాలని దండోరా వేయించాడు.

ఇది చాలా పెద్ద మాట, పిల్లలూ. చనిపోయినవారి పేరు చెప్పి నువ్వులు కలిపిన నీళ్ళు వదలడం మన ఇళ్ళలో ఉన్నదే. కానీ ఆ కాలంలో ఒకసారి అలా వదిలేశాక ఆ మనిషి బతికి తిరిగొచ్చినా సరే, గడప దాటనిచ్చేవారు కాదు. కళ్ళెదుట నిలబడ్డా దయ్యమే అనుకుని తలుపు వేసేవారు.

ఊరి పడమటి వీధిలో చెంగమ్మ అనే పిల్ల ఉండేది. తల్లి చిన్నప్పుడే చనిపోయింది. తండ్రి ఓబన్న గాడిదల మీద ఉప్పు తెచ్చి ఊరూరా అమ్మేవాడు. ఆయన తల్లి అక్కులమ్మ ఈ పిల్లను పెంచింది. చెంగమ్మకు ఏది చూసినా అడగాలనిపించేది. చీమలు నిద్రపోతాయా, పోతే పక్కకు ఒత్తిగిలి పడుకుంటాయా అని అడిగేది. ఏటికి ఆకలేస్తే ఏం తింటుందని అడిగేది. అక్కులమ్మ విసుక్కుంటూనే జవాబు చెప్పేది. తెలియకపోతే, "ముందు ముద్ద మింగు" అనేది.

ఓబన్న చివరిసారి బయలుదేరిన పొద్దున, గాడిదలు వాకిలి దాటుతుంటే చెంగమ్మ వెనక నుంచి పరిగెత్తుకొచ్చి, "నాయనా, యాడికి పోతాండావు?" అని కేక వేసింది. బయలుదేరే మనిషిని ఎక్కడికని అడగకూడదు కదా. వెనక నుంచి పిలవనూ కూడదు. ఆ పిల్ల రెండూ ఒకేసారి చేసింది. ఓబన్న మారు మాట్లాడకుండా లోపలికి వచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయలుదేరాడు. ఆ పోవడం పోవడమే.

"ఆ పొద్దు పిల్ల నోరు ఊరుకొనుంటే ఓబన్న ఇంట్లో ఉండేవాడు" అని పక్కింటి సుంకులమ్మ గోడ మీదుగా అనేది. చెంగమ్మ అప్పటి నుంచి ఎవరినీ ఏమీ అడగడం మానేసింది. ఆ మౌనం చూసి అక్కులమ్మకు ఇంకా భయం పట్టుకుంది.

అమావాస్య రేపనగా అక్కులమ్మ అటక మీది కంచు ముంత దించి, చింతపండు పెట్టి తోముతోంది. చెంగమ్మ పక్కన కూర్చుని చూసింది. చూస్తూ చూస్తూ ఇక ఆపుకోలేకపోయింది.

"అవ్వా, దీని మూతికి ఈ మూడు సొట్టలు ఎట్ల పడినాయి?"

అక్కులమ్మ మొహం విప్పారింది. "హమ్మయ్య, నోరు తెరిచినావు. మా అత్త నాకిచ్చినప్పుడే ఉండాయి తల్లీ. మా అత్తకు ఎవరిచ్చిరో, వాళ్ళకెవరిచ్చిరో."

"దీంట్లో నీళ్ళు తీసకపోయి పాతకోట గుమ్మం ముందర పెడతాంటివి కదా. ఎవరికి?"

"పిట్టలకు."

"పిట్టలు ఏట్లో తాగవా?"

అక్కులమ్మ చేయి ఆగింది. ఇన్నేళ్ళలో ఆమెకు ఆ ఆలోచనే రాలేదు. "మా అత్త పెట్టమనింది, పెట్టినా. వేసవిలో గాలివానకు కోటగోడ కూలి మేక చచ్చిపాయ. ఇంక ఎవరూ ఆ పక్కకు పోవద్దని మంత్రిగారు చుట్టుబాటకు కంప కొట్టించిరి. మానుకున్నా."

"పోయినోళ్ళు రాకుండా ఉండేది ఎప్పటి నుంచి అవ్వా? బాట మూయకముందా, మూసినాకనా?"

అక్కులమ్మ ముంతను పక్కన పెట్టేసింది. "మూసినాకనే" అంది మెల్లగా.

చుట్టుబాట అంటే ఏమిటో మీకు చెప్పాలి. కుందవరం తూర్పు వాకిట మొదలై, వంక దాటి, చింతతోపు దాటి, పాతకోట తూర్పు గుమ్మం ముందుకు పోతుంది. అక్కడి నుంచి కొండను చుట్టుకుని కోట పడమటి గుమ్మం పక్కగా దిగి, ఊరి పడమటి వాకిట్లో తేలుతుంది. చాలా తేలిక నడక. మోకాళ్ళ నొప్పులున్న ముసలమ్మలు కూడా పొద్దున బయలుదేరి ఎండ ముదరకముందే ఇంటికి చేరేవారు. అయితే చెంగమ్మకు ఆ బాట మీద ఎప్పటి నుంచో ఒక అనుమానం ఉంది. కోటకోసం వేసిన బాట కోటలోకి పోవాలి కదా. ఇది ఒక గుమ్మం దాకా పోయి, లోపలికి పోకుండా, రెండో గుమ్మం దాకా ఎందుకు తిరుగుతుంది?

"రేపు నేను పోయి నీళ్ళు పెట్టొస్తా" అంది చెంగమ్మ.

"వద్దు తల్లీ. ఉండేదానివి నువ్వొక్కదానివే. ఆ బాట కూడా తిరిగి రాకపోతే?"

"పోకపోతే రేపు మద్దేన్నం చిన్నాయన నాయనకు నువ్వులు నీళ్ళు వదిలేస్తాడు. ఆ పైన నాయన వచ్చినా ఇంట్లోకి రానీరు."

అక్కులమ్మకు ఆ రాత్రి నిద్ర లేదు. తెల్లవారుజామునే లేచి పెరుగన్నం కలిపి మూట కట్టింది. ముంత నిండా నీళ్ళు పోసి తామరాకు మూసి కట్టింది. చెంగమ్మ గడప దగ్గరికి వచ్చేసరికి అవ్వ కనబడలేదు. తలుపు వెనక దాక్కుని ఉంది.

"అక్కడేం చేస్తాండావు?"

"మొగుడు లేని దాన్ని, నేను ఎదురు రాకూడదమ్మా. సుంకులమ్మను పిలుస్తా ఉండు."

"సుంకులమ్మ వద్దు. నువ్వే ఎదురు రా. నువ్వొస్తే నాకెందుకు చెడుపు జరుగుతాది?"

అక్కులమ్మ తలుపు చాటు నుంచి బయటికి వచ్చింది. చెంగుతో కళ్ళు తుడుచుకుని, పెరటి దారిన వీధిలోకి పోయి, బిందెతో ఎదురుగా నడిచి వచ్చింది. తొందరలో సగం నీళ్ళు చీర మీదే ఒలికాయి.

"పోయొస్తా అవ్వా" అంది చెంగమ్మ. ఆ ముసలామె ఎక్కడికని అడగలేదు, వెనక నుంచి పిలవనూ లేదు. వీధి మలుపు తిరిగేదాకా బిందె దించకుండా నిలబడింది.

కంప కింద మేకలు దూరేంత సందుంది. చెంగమ్మ అందులోంచి దూరి చుట్టుబాట ఎక్కింది. బాట ఎంత మెత్తగా ఉందంటే కాళ్ళు వాటంతటవే నడుస్తున్నాయి. కొంత దూరం పోయి వెనక్కి తిరిగి చూసింది. వెనక బాట లేదు. మోకాలెత్తు గడ్డి గాలికి ఊగుతోంది. ఆ పిల్లకు భయం వేసింది. అయినా ఒక వింత ఆమెను లాగింది. ఇప్పుడే తొక్కిన బాట ఎక్కడికి పోయి ఉంటుంది? వంగి గడ్డి చీల్చి చూసింది. తన అడుగుల గుర్తులు లేవు. ఇక ముందుకు పోవడమే మిగిలింది.

వంక ఎండిపోయి ఇసుక తెల్లగా మెరుస్తోంది. ఇసుకలో ఒక ముసలి తాబేలు మెడ చాచి పడి ఉంది. గంప బోర్లించినంత డిప్ప దానిది.

"అమ్మాయీ, నీ ముంతలో నీళ్ళున్నాయి. రెండు చుక్కలు పొయ్యి" అంది తాబేలు.

చెంగమ్మ ముంతను గుండెకు హత్తుకుంది. పోస్తే కోట దగ్గర పెట్టడానికి తక్కువవుతాయి. పోయకపోతే ఈ జీవం దక్కదు. "నీళ్ళలో ఉండేదానివి కదా, ఇక్కడికి ఎందుకొచ్చినావు?"

"గుడ్లు పెట్టడానికి వచ్చాను. తిరిగి పోదామంటే నా మడుగు ఎటో తెలియడం లేదు."

"యాడి నుంచి వచ్చినావో రవ్వంత కూడా గుర్తులేదా?"

"నన్నెవరూ అడగలేదు, నేను తలచుకోలేదు" అని తాబేలు కళ్ళు మూసుకుంది. "ఉండు. వచ్చేటప్పుడు ఎండ నా ఎడమ కంట్లో కొట్టింది. పొట్ట కింద ఇసుక మొదట తడిగా ఉండేది, తర్వాత పొడిగా తగిలింది."

చెంగమ్మ చుట్టూ చూసి, ఇసుక కాస్త నల్లబడిన చోటికి పోయి చేతులతో తోడింది. మోచేతి లోతు తోడగానే చల్లని నీరు ఊరి చెలమ నిండింది. తాబేలు దేక్కుంటూ వచ్చి అందులో మూతి పెట్టింది.

"నా మడుగు ఈ ఇసుక కిందే దాక్కుందన్నమాట. ముందు తోపులో రాక్షసుడున్నాడు, భద్రం. నాలాగే అతనికీ ఎవరూ ప్రశ్నలు వేసి ఉండరు" అంది తాబేలు.

చింతతోపులో నడిమి చెట్టు మొదట్లో నిజంగానే ఒక రాక్షసుడు కూర్చుని ఉన్నాడు. కూర్చున్నా తల కొమ్మలకు తగులుతోంది. ఒళ్ళో పెద్ద మూట ఉంది. చెంగమ్మను చూడగానే ఉరిమినట్టు అన్నాడు.

"ఆగు. నిన్ను తింటా."

"తిను. అయితే ఆ మూటలో ఏముందో చెప్పి తిను."

రాక్షసుడు మూట వైపు చూసుకుని మొహం వేలాడేశాడు. "చింతకాయలు. పచ్చడికి తెమ్మని మా ఇంటామె పంపింది. తెంపుకున్నా. ఇంటికి పోదామంటే దారి లేదు. పచ్చి కాయలు పండినాయి, పండి ఎండినాయి, ఇప్పుడు చింతపండు అయినాయి. ఈ మొహంతో పోతే రోకలి తీసుకుంటాది."

చెంగమ్మకు నవ్వొచ్చింది గాని పెదవి కొరుక్కుంది. "మీ ఇల్లు యాడ?"

"తెలిస్తే ఇక్కడ కూచుంటానా పిల్లా?"

"ఇల్లు గుర్తులేకపోతే పాయ. పచ్చడి గుర్తుందా?"

"అదెట్ల మరుస్తా? రోట్లో వేసి దంచితే వాసనకు గుట్ట గుట్టంతా లేచి కూచుంటాది."

"ఏ గుట్ట?"

"ఏ గుట్టేంది, సీతాఫలం చెట్లుండే ఆ ఎర్ర గుట్ట" అంటూ వేలు చూపించి, తన వేలినే తాను నోరు తెరుచుకుని చూశాడు. లేచి నిలబడ్డాడు. నాలుగు అడుగులు వేశాడు. నాలుగో అడుగు మళ్ళీ అదే చెట్టు మొదట్లో పడింది.

"తెలిసినా బాట పోనియ్యదు" అన్నాడు దిగులుగా. "కోట తూర్పు గుమ్మంలో ఒకాయన కూచోనుండాడు. ఆయన లేస్తేనే ఎవరి బాట వాళ్ళకు తిరిగి వస్తాదంట. ఆయన ముందు మంచినీళ్ళు ఎందరో పెట్టిపోయినారు. ఒక్కరూ ఆయన్ను పలకరించలే."

"నువ్వెందుకు పలకరించలే?"

రాక్షసుడు చుట్టూ చూసి గొంతు తగ్గించాడు. "నాకు భయం."

పొద్దు చింతచెట్ల పైకి ఎక్కింది. చెంగమ్మ అన్నం మూట రాక్షసుడి చేతిలో పెట్టి నడక వేగం పెంచింది.

పాతకోట తూర్పు గుమ్మం పైకప్పు సగం కూలి ఉంది. రెండు రాతి కంబాల నడుమ, గడప అంచున, ఒక మనిషి మోకాళ్ళ మీద తల వాల్చి కూర్చుని ఉన్నాడు. దూరం నుంచి చూస్తే బండరాయి. దగ్గరికి వస్తే బండ మీద నాచులా బట్ట మడతలు, మడతల కింద దుమ్ము పట్టిన పాదాలు. అవ్వ ఎన్నోసార్లు ఇక్కడ ముంత పెట్టి, బండే అనుకుని తిరిగి వచ్చింది.

చెంగమ్మ ముంతను కింద పెట్టబోయి ఆగింది. అందరూ ఇలా పెట్టే పోయారు.

"అయ్యా, మీరెవరు? యాడి నుంచి వస్తాండారు?" అంది.

బండ కదిలింది. తల ఎత్తలేదు గాని గొంతు వినిపించింది. చాలా కాలంగా వాడని గొంతు అది.

"ఈ మాట ఆ రోజు ఒక్కరు అడిగి ఉంటే బాగుండేది. నేను ఈ కోట రాజు కొడుకును. పేరు అరుణవర్మ. పడమటి గుమ్మం నుంచి బయలుదేరి సముద్రం చూడటానికి వెళ్ళాను. ఓడ పగిలింది. దేశాలు పట్టి తిరిగి తిరిగి, తూర్పు దిక్కు నుంచి ఇంటికి చేరాను. అప్పటికే నాకు నువ్వులు నీళ్ళు వదిలేశారట. నన్ను చూసి దయ్యమని ఈ తలుపులు మూశారు. ఎక్కడి నుంచి వచ్చావని అడగలేదు. కాళ్ళకు నీళ్ళివ్వలేదు. వచ్చినవాడికి గుమ్మం లేని ఈ నేల మీద ఇక ఎవరికీ తిరుగుదారి ఉండకూడదు అనుకుని ఇక్కడే కూర్చున్నాను. ఆ కోపం రాయి అయింది, నేనూ రాయి అయ్యాను."

"మరి ఇన్నేళ్ళూ అందరూ బాగానే తిరిగొస్తాండిరే?"

"ఎవరో ముసలామె రోజూ నా ముందు నీళ్ళు పెట్టి పోయేది. అడుగుల చప్పుడు వినేవాణ్ణి, తల ఎత్తేవాణ్ణి కాదు. ఆమె తర్వాత ఇంకొకరు, ఇంకొకరు. నీళ్ళు ఉన్నంతకాలం నా కోపం నిద్రపోయేది. నీళ్ళు ఆగాయి, అది లేచింది."

"ఇప్పుడు తెచ్చినా కదా, కాళ్ళు కడుక్కుని లోపలికి పోండి."

"బయటివాళ్ళు పెట్టే నీళ్ళు దాహానికి పిల్లా. ఇంటికి వచ్చినవాడికి ఇంటివాళ్ళే లోపలి నుంచి తెచ్చి ఇవ్వాలి. లోపల ఎవరూ లేరు."

చెంగమ్మ కంబాల మధ్య నుంచి లోపలికి తొంగి చూసింది. "నేను ఆ పక్క గుమ్మంలో దూరి, లోపలి నుంచి తెచ్చి ఇస్తే?"

"లోపలికి పోతే ఆ ఇంటి మనిషివి అవుతావు. అప్పటికీ నేను లేవలేకపోతే నీకు బయటికి దారి ఉండదు. లేస్తానని మాట ఇవ్వలేను. ఈ కోపం నా చేతిలో లేదు."

ఎండ గుమ్మం మీదికి వచ్చింది. ఈపాటికి ఏటి ఒడ్డున జనం చేరుతూ ఉంటారు. అవ్వ ఒక్కతే ఎలా ఉందో. చెంగమ్మ ముంతను గట్టిగా పట్టుకుని బాట వెంట కొండ చుట్టూ పరిగెత్తింది, నీళ్ళు తొణక్కుండా.

పడమటి గుమ్మం చిన్నది. దాని గడప మీద అడుగు పెట్టబోతూ ఆగిపోయింది. గడపరాయి ఒక చివర నున్నగా అరిగి, గుంట పడి ఉంది. కాళ్ళతో తొక్కి అరిగిన గడప నడుమ అరుగుతుంది. ఇది చివర అరిగింది. చెంగమ్మ ఆ గుంటలో కూర్చుని చూసింది. అక్కడి నుంచి పడమటి దారి మొత్తం కనబడుతోంది. పక్క గోడలో, చేతికి అందేంత ఎత్తులో, దీపం పెట్టుకునే గూడు ఉంది. గూట్లో ఒక గుండ్రని మరక. ముంతను అందులో పెట్టింది. అంచుకు అంచు సరిపోయింది.

ముంత ఇల్లు ఇదే. దీని మనిషి ఇక్కడ కూర్చుని ఎవరికోసమో చూసింది. ఇక్కడ రాకపోతే ఆ గుమ్మంలో వస్తాడేమో అనుకుని అటు పోయి, అక్కడ లేకపోతే మళ్ళీ ఇటు వచ్చి, కొండ చుట్టూ తిరుగుతూనే ఉంది. బాట ఎవరూ వేయలేదు. ఆమె అడుగులకే పడింది.

చెంగమ్మ ముంత తీసుకుని గడప దాటింది. వెనక గుమ్మం గోడలా మూసుకుంది. లోపల గచ్చు పగిలి గడ్డి మొలిచింది. కూలిన వంటింట్లో పొయ్యిరాళ్ళకు మసి ఇంకా ఉంది. రోట్లో నిలిచిన వాన నీళ్ళు ఒక పిచ్చుక తాగుతోంది. ఏది చూసినా ఆగి చూడాలనే ఉంది, కానీ ఆగలేదు. తూర్పు గుమ్మానికి లోపలి నుంచి వచ్చి నిలబడింది. ఎదురుగా రాజకుమారుడి వీపు. అవ్వ ప్రతిసారీ నాయనతో అనే మాటే నోటికి వచ్చింది.

"వచ్చినావా నాయనా? ఇట్ల తిరుగు, కాళ్ళకు నీళ్ళు పోస్తా."

బండ కదల్లేదు. చెంగమ్మ గడప మీద వంగి, చెయ్యి చాపి, ఆ పాదాల మీద నీళ్ళు పోసింది. దుమ్ము కరిగి చర్మం కనిపించింది. తల మాత్రం లేవలేదు. ముంత సగమైంది. ఇక తన గతి ఈ గోడల మధ్యేనేమో అనుకుంది.

"అయ్యా, ఒక్క మాట అడుగుతా. ఈ ముంత మూతికి మూడు సొట్టలు ఎట్ల పడినాయో మీకేమన్నా తెలుసునా?"

అరుణవర్మ తల ఎత్తాడు. ముంతను చూశాడు. చెయ్యి చాపి ఆ సొట్టలను తడిమాడు.

"ఇది నా పాలముంత" అన్నాడు. "పాలు వద్దని మూడుసార్లు గడపకేసి కొట్టాను. అమ్మ మూడుసార్లూ తీసి మళ్ళీ పోసింది. నీకు ఎక్కడిది?"

"మీ ముందు రోజూ నీళ్ళు పెట్టిన ఆమెది. పడమటి గడప ఆమె కూర్చుని కూర్చుని అరిగిపోయింది. మీరు అటే పోతిరని అటే చూస్తాండింది. మీరు ఇటు వస్తిరని ఆమెకు ఎవరూ చెప్పలే. ఆమె మీకు నువ్వులు నీళ్ళు వదల్లేదయ్యా. మంచినీళ్ళు పెట్టింది. మిమ్మల్ని బండ అనుకునింది. మీరు తల ఎత్తకపోతిరి."

ఆ పెద్దమనిషి చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. కన్నీళ్ళు పడిన చోటల్లా రాయి మెత్తబడింది. లేచాడు. కుడికాలు గడప లోపల పెట్టాడు. ఆ క్షణంలో చెంగమ్మకు పొయ్యిలో కట్టెలు చిటపటమన్న చప్పుడు వినిపించింది, పాలు పొంగిన వాసన తగిలింది. వంటింటి వైపు నుంచి ఒక ఆడగొంతు, "ఇంత సేపెందుకైంది రా?" అంది. అరుణవర్మ నవ్వుతూ అటు నడిచాడు. చెంగమ్మ కళ్ళు నులుముకుని చూసేసరికి కూలిన వంటింట్లో పిచ్చుక ఒక్కటే ఉంది. పడమటి గుమ్మం తెరుచుకుని ఉంది. దాని అవతల బాట, ఇంటి దాకా, ఎర్రగా మెరుస్తోంది.

అక్కడ ఊళ్ళో మాత్రం వేరే గొడవ జరుగుతోంది. ఓబన్న తమ్ముడు నరసన్న ఇల్లంతా వెతికి వెతికి చెమటలు కక్కుతున్నాడు.

"అమ్మా, నువ్వులు యాడ పెట్టినావు? అందరూ ఏటి కాడికి పోయినారు. రాజుగారు చూస్తాండారు."

"చిమ్మిలి దంచినా" అంది అక్కులమ్మ.

"ఏంది?"

"నువ్వులూ బెల్లం వేసి చిమ్మిలి దంచినా. పిల్ల వస్తే తింటాది. వాడు వచ్చినా తింటాడు. వాడికి ఇష్టం."

నరసన్న తల పట్టుకుని అరుగు మీద కూలబడ్డాడు. అక్కులమ్మ ఒక ఉండ అతని చేతిలో కూడా పెట్టింది. పక్కిళ్ళలో అప్పు అడుగుదామంటే అందరూ ఏటి దగ్గరే ఉన్నారు. ఆ ఒక్క ఇంటి కోసం పురోహితుడు ఆగాడు. అందరి దోసిళ్ళలో నీళ్ళూ అలాగే ఆగాయి. అంతలో పొలిమేర వైపు నుంచి గాడిదల మెడగంటలు వినిపించాయి.

మొదట వచ్చింది పెళ్ళిచూపులకు పోయిన పెళ్ళికొడుకు. వెనక సిపాయి, రౌతులు, సంతకు పోయినవాళ్ళు. ఏటి ఒడ్డున దోసిళ్ళు వాటంతటవే విడిపోయాయి. ఎర్ర గుట్ట వైపు నుంచి ఒక పెద్ద ఆడగొంతు, దాని వెనక "చింతపండుతో కూడా పచ్చడి అవుతాదే, కొట్టొద్దే" అన్న మగగొంతు ఊరంతటికీ వినిపించాయి. ఎవరో ఏమిటో తెలియకపోయినా అందరూ నవ్వారు.

చెంగమ్మ పడమటి వాకిట్లోంచి పరిగెత్తి వచ్చేసరికి, తూర్పు వీధి నుంచి ఓబన్న గాడిదలతో ఇంటి ముందుకు వచ్చి నిలబడి ఉన్నాడు. ఇద్దరినీ ఒక్కసారే చూసిన అక్కులమ్మ ముందు ఏ దిక్కుకు పోవాలో తెలియక గడప మీదే తిరుగుతోంది. చెంగమ్మ ముంతలో మిగిలిన నీళ్ళు అవ్వ చేతికిచ్చింది. అక్కులమ్మ అవి కొడుకు పాదాల మీద పోసింది. ఈసారి ఒక్క చుక్క కూడా పక్కకు ఒలకలేదు.

చెంగమ్మకు అడగాలని ఉంది, భయంగానూ ఉంది. ఓబన్నే అడిగాడు, "ఏమ్మే, నోరు పడిపోయిందా?"

"యాడి నుంచి వస్తాండావు నాయనా?" అంది ఆ పిల్ల. ఇక ఆగలేక ఏడ్చేసింది. "ఆ పొద్దు నేను వెనక నుంచి అడిగినా. అందుకే నువ్వు రాలేదని..."

"పిచ్చిదానా" అని ఓబన్న కూతుర్ని దగ్గరకు తీసుకున్నాడు. "యాడ తిరిగినానో, ఎన్ని బాటలు తప్పినానో. ఊరు మరిచిపోయినా, పేరు మరిచిపోయినా, యాడికి పోతాండావని నువ్వేసిన కేక మాత్రం చెవుల్లో ఉండింది. జవాబు చెప్పాల్సిన బిడ్డ ఒకతి యాడనో ఉందని దాన్నే పట్టుకుని నడిచినా. కూచో, ఇప్పుడు చెప్తా."

రాజు జయశీలుడు చెంగమ్మను పిలిపించి ఏం కావాలో కోరుకోమన్నాడు. బాటకు కొట్టిన కంప తీయించమంది. తీయించాడు. తిరిగి వచ్చిన మనిషికి నువ్వులు నీళ్ళు వదిలారన్న వంకతో తలుపు వేయకూడదని, ముందు కాళ్ళకు నీళ్ళిచ్చి, ఎక్కడి నుంచి వస్తున్నావని అడగాలని చాటింపు వేయించాడు. మంత్రి భద్రపాలుడే దండోరా వెంట నడిచి ఇంటింటికీ ఆ మాట చెప్పాడు.

కోట ఇప్పుడు ఇంకా కూలిపోయింది. అయినా పౌర్ణమి పొద్దున కుందవరం పిల్లలు వరసగా చుట్టుబాట తిరిగి వస్తారు. ముందు నడిచే పిల్ల చేతిలో కంచు ముంత ఉంటుంది. తూర్పు గుమ్మం దగ్గర కొన్ని నీళ్ళు పోసి, పడమటి గడప గుంటలో ఒక్కొక్కరే కాసేపు కూర్చుని, మిగిలిన నీళ్ళు ఇంటికి తెస్తారు. ఇంట్లో ఎవరో ఒకరు గడప మీద నిలబడి చూస్తూ ఉంటారు కదా, వాళ్ళ చేతికివ్వడానికి.